గులాబీ రంగు బ్రష్షు

గౌలిపురలో పాలబండి గల్లీ దాటిందంటే నీలమ్మ ఇంట్లో తలలు దువ్వే వేళ. మొన్న వేసవి దాకా మెట్టు మీద ఆమె ముందు కూర్చున్నది కూతురు షారోన్. ఇప్పుడక్కడ కూర్చుంటున్నది కోడలు సుజన. పైగా దువ్వేది షారోన్ గులాబీ రంగు బ్రష్షుతోనే.

టైఫాయిడ్ వచ్చి తగ్గాక షారోన్ జుట్టు సగానికి సగం ఊడింది. మిగిలింది ఎలుకతోకంత. సుజనదేమో నడుము దాటిన జడ. ఆ జుట్టును అమ్మ పాయలు తీసి మురిపెంగా దువ్వుతుంటే షారోన్‌కు కడుపు మండిపోయేది. చేతిలో చాయ్ కూడా చేదనిపించేది. అంతటితో ఆగారా! బ్రష్షుకు చిక్కిన వెంట్రుకల్ని ఒక్కటీ పోనీయకుండా తీసి, ఉండచుట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచేవాళ్లు అత్తాకోడళ్లు. కోడలి తల నుంచి రాలిందైనా బంగారమే మరి!

శనివారం వాళ్లిద్దరూ కూరగాయలకు వెళ్లినప్పుడు గల్లీలో కేక వినిపించింది.

"ఎంటికలకు స్టీలు గిన్నెలమ్మా! బాల్ దేవ్, బర్తన్ లేవ్!"

షారోన్ రెండో ఆలోచన చేయలేదు. డబ్బా తెచ్చి అతని సంచిలో బోర్లించింది. అతనిచ్చిన గిన్నె పట్టుకొని లోపలికొచ్చాక, చాలా రోజులకు ఆమె ప్రాణం చల్లబడింది.

కూరగాయల సంచి దించీ దించగానే నీలమ్మ ఖాళీ డబ్బా చూసింది.

"దీంట్ల ఎంటికలేవే?"

"గిన్నెకిచ్చిన. కోడలి ఎంటికలకు గింత లొల్లా? నా బ్రష్షు ఇచ్చినవ్, నా జాగ ఇచ్చినవ్. ఆరు నెలలైంది నా తల ముట్టక. నేను నీకేం కానా అమ్మా?"

నీలమ్మ ఖాళీ డబ్బాను ఒళ్లోకి తీసుకుంది. సుజనే మెల్లగా నోరు విప్పింది.

"గవి నీకోసమే షారోన్. క్రిస్మస్ అయినంక నీ పెండ్లి కదా, నీ జడకు సవరం కట్టిద్దామనుకున్నం. నీ బ్రష్షు మెత్తగుంటది, ఎంటిక తెగదని తీస్కున్నం. ముందే చెప్తే చిన్నబోతవని అత్తమ్మ వద్దన్నది."

షారోన్ చెప్పులైనా వేసుకోకుండా గల్లీ చివరిదాకా పరుగెత్తింది. గిన్నెలతను ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఏడుస్తూ తిరిగొచ్చింది.

"వదినా, తప్పయింది. నీ మీద కుళ్లుకున్న."

"నాది తప్పు బిడ్డా," అంది నీలమ్మ కళ్లొత్తుకుంటూ. "జరమొచ్చినప్పుడు నీ తల దువ్వితే కుచ్చులు కుచ్చులు చేతికొచ్చినయ్. గది చూడలేక మళ్ల ముట్టలే. నువ్వు గిట్ల అనుకుంటవని తెల్వలే."

సుజన బ్రష్షు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. షారోన్ వెళ్లి తన పాత మెట్టు మీద కూర్చుంది. ఒక్కసారి దువ్వేసరికి నాలుగు వెంట్రుకలు బ్రష్షుకు చుట్టుకున్నాయి. నీలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"దువ్వు అమ్మా. ఊడితే ఊడనియ్."

పక్కనే సుజన జడ విప్పుకుంటూ కూర్చుంది.

"తర్వాత నాది. పెండ్లికి ఇంక నలభై రోజులున్నయ్, ఎంతైతే అంత. తక్కువైతే నా జడ కొస కోస్త, ఫికర్ చెయ్యకు."

ఏడుపు మధ్యలోనే షారోన్‌కు నవ్వొచ్చింది. లేచి వెళ్లి కొత్త స్టీలు గిన్నె తెచ్చి వదిన ఒళ్లో పెట్టింది. తన నాలుగు వెంట్రుకలూ తీసి ముందుగా అందులో వేసింది.