మూడో పోర్టు

"సరిగ్గా పదకొండింటికి ఒక లిస్టు ప్రింటవుతుంది. పరాయి దేశంలో మారుపేర్లతో బతుకుతున్న మన మనుషుల అసలు పేర్లు. దానికోసం కాచుకున్న ముఠా చేతిలో పడిందా, సాయంత్రానికి ఒక్కడూ మిగలడు," అన్నాడు చీఫ్.

"కంప్యూటర్లోనే చూసుకోవచ్చుగా సార్?"

"మంత్రిగారు కాగితం మీదే చదువుతారు."

ఏజెంట్ సెవెన్‌టీన్‌కి ఒళ్ళు మండింది. ఆ లిస్టులో అతని సొంత తమ్ముడున్నాడు.

పదిన్నరకి ప్రింటర్ మెకానిక్ వేషంలో మంత్రిగారి ఆఫీసుకి వెళ్ళాడు. మెట్ల నిండా చివికిపోయిన ఫైళ్ళు, గోడల నిండా జిడ్డు చేతుల మరకలు. సెక్యూరిటీ ఆఫీసర్ ఎదురొచ్చింది. కోడ్‌నేమ్ నెమలి. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు.

"టోనర్ వేడిగా ఉందా?" అన్నాడు.

"కాగితం చల్లగానే ఉంది," అంది.

ఇలాంటి కోడ్‌లు కూర్చుని రాసేవాడెవడో గానీ, వాణ్ణి తలుచుకుంటేనే అతనికి రోత.

కంప్యూటర్లు పంపినవాటిని వచ్చిన వరసలో ప్రింటర్లకి పంచే ప్రింట్ సర్వర్ బీరువా వెనక ఉంది. అరచేతంత పెట్టె. ఇటు ఒకే ఒక్క నెట్‌వర్క్ కేబుల్, అటు మూడు పోర్టులు, మూడు ప్రింటర్లు. పెట్టె మీద టీ మరకలు, చచ్చిన బొద్దింక, దాని పక్కనే చీటీ మీద పాస్‌వర్డ్!

"ఛీ! పశువుల కొట్టం నయం," అనుకున్నాడు.

రెండు కేబుళ్ళు హాల్లోకి వెళ్ళాయి. మంత్రిగారి గదికి వెళ్ళాల్సిన మూడోది మాత్రం గోడకున్న కన్నంలోంచి పక్క ట్రావెల్ ఏజెన్సీలోకి దూరింది. పొద్దున్నే ఎవరో మార్చేశారు. అతను దాని మీద చెయ్యి వేశాడు. మెడకి చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన పిస్టల్.

"ముట్టుకోకు. రెండువైపులా పనిచేసి అలిసిపోయాను. ఈ ఒక్క కాగితంతో రిటైరవుతా," అంది నెమలి.

"నీదీ ఒక బతుకేనా!"

పదకొండయింది. "లిస్టు పంపించానండీ!" లోపలి గదిలోంచి సెక్రటరీ కేక. గోడవతల అప్పటిదాకా ఆపి ఉంచిన ప్రింటర్‌ని ఆన్ చేసిన చప్పుడు. కాగితాలు గరగరా రావడం మొదలైంది. తమ్ముడి మొహం కళ్ళముందు మెదిలింది. నిమిషం, రెండు నిమిషాలు. గరగర ఆగలేదు.

కన్నంలోంచి ఎవడో అరిచాడు. "ఏం పంపావే? అన్నీ సెలవు చీటీలే!"

నెమలి అటు తిరిగింది. ఆ రెప్పపాటు చాలు. మోచేత్తో ఒక్కటిచ్చాడు. పిస్టల్ ఎగిరిపడింది. కేబుల్ పీకేశాడు. పక్కనున్న కంప్యూటర్లో ప్రింటు వరస చూస్తే, ఇంకొక్క సెలవు చీటీ దాటితే లిస్టే.

హెడ్ క్లర్కు బుర్ర గోక్కుంటూ వచ్చాడు. "మంత్రిగారి ప్రింటర్లో అక్షరం నిండుగా వస్తుందని పొద్దున్నించీ నా సెలవు చీటీ దానికే కొడుతున్నా బాబూ. రాకపోతే మళ్ళీ నొక్కుతాం. ఇక్కడ అందరం అంతే."

ఈ దిక్కుమాలిన ఆఫీసే తమ్ముణ్ణి బతికించిందంటే ఏజెంట్‌కి మరీ రోత పుట్టింది. అయినా కళ్ళు చెమర్చాయి.

ట్రావెల్ ఏజెన్సీలో దొరికిన ముప్ఫై ఎనిమిది చీటీల్నీ సాక్ష్యం కింద సీలు చేసి పట్టుకుపోయారు. హెడ్ క్లర్కు సెలవు మాత్రం మంజూరు కాలేదు. దరఖాస్తు అందలేదట.