తప్పులు దిద్దిన గొంతు

సాయంత్రం ఏడు కావస్తుండగా మంగళగిరి వీధులు ఖాళీ అయ్యాయి. తమంతట తాము నడిచే ఆటోలు రోడ్డు వారగా ఆగి దీపాలు తగ్గించుకున్నాయి. బజ్జీల బండి మనిషి చివరి వాయి తీసి, మూకుడు మీద మూత పెట్టి, వేలికి మీటుంగరం తొడుక్కున్నాడు. ఇక గంటసేపు ఎంత బతిమాలినా బజ్జీ దొరకదు. జవాబుల జాతర మొదలయ్యే వేళ అది.

ఒకప్పుడు అది టీవీలో వచ్చే క్విజ్ కార్యక్రమం. నలుగురు పోటీదారులు, కోటు వేసుకున్న ఒక వ్యాఖ్యాత, మధ్య మధ్య సబ్బుల ప్రకటనలు. చూసేవాళ్ళు ఇళ్ళలో కూర్చుని జవాబులు అరుస్తున్నారని కనిపెట్టిన నిర్వాహకులు వాళ్ళనీ ఆటలోకి లాగారు. ఇప్పుడు ప్రతి ఇంటి హాల్లోనూ ఒక గోడ తెరగోడ అయింది. ప్రశ్న ఊరందరికీ ఒకేసారి వస్తుంది. ఉంగరం మీటి జవాబు చెప్పాలి. జవాబులను బట్టి ఇంటికో మెట్టు. కాలేజీ సీటుకు ఆ మెట్టే చూస్తారు, ఉద్యోగానికీ అదే చూస్తారు. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు అందుకోకముందే "మీది ఎన్నో మెట్టండీ?" అంటారు. గోత్రం సంగతి తర్వాత.

సీతారావమ్మ ఇల్లు దాదాపు అట్టడుగు మెట్టు మీద ఉంది. అందుకు కారణం ఆవిడ భర్త పానకాలు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

"ఒంటె మూపురంలో ఉండేది ఏమిటి?" అని అడిగింది తెరగోడ. కింద నాలుగు జవాబులు వెలిగాయి.

"కొవ్వమ్మా, కొవ్వు," అంది పక్కనే కూర్చున్న కూతురు వకుళ. ఆమె చేనేత సంఘంలో చీరల అంచులు గీస్తుంది. ఒంటె సంగతి ఎప్పుడో బళ్ళో చదువుకుంది.

సీతారావమ్మ వినిపించుకోలేదు. అలమారలో ఉన్న పెట్టె వైపు తిరిగింది. "ఏవండీ, మీరు చెప్పండి."

"నీళ్ళే," అంది పెట్టెలోంచి పానకాలు గొంతు, క్షణం తడుముకోకుండా. "అందులో అనుమానమేంది? ఎడారిలో పోయేవాడికి కుండెక్కడ దొరుకుద్ది? ఒంటే కుండ."

వకుళ ఆపేలోగా సీతారావమ్మ నీళ్ళు మీటేసింది. తెరగోడ ఎర్రబడింది.

"వాళ్ళకేం తెలుసు, ఎప్పుడైనా ఒంటెను చూశారా," అన్నాడు పానకాలు. సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పాత టీవీ కార్యక్రమంలో పోటీదారుడికి జవాబు తెలియకపోతే స్నేహితుడికి ఫోన్ చేసే వీలుండేది. ఈ పెట్టెలోని తోడుగొంతు ఆ ఫోనుకు మనవడి వరస అవుతుంది. ఆట ఆడే ఇంట్లో మాట్లాడే ప్రతి మాటనూ జాతర ఏళ్ళ తరబడి వింటుంది. ఇంట్లో ఒకరు పోతే, ఆ విన్న మాటల్లోంచే వాళ్ళ గొంతునీ, తెలివినీ అల్లి పెట్టెలో పెట్టి ఇస్తుంది. పోయినవాళ్ళ తెలివి ఆటలో ఉన్నవాళ్ళకు అక్కరకు రావాలన్నదే నిర్వాహకుల ఆలోచన. జనం మాత్రం ఆ పెట్టెను ఆట అయ్యాక కట్టేయలేదు. దానితో కూరల సంగతులు మాట్లాడారు, పొద్దున్నే లేపారు, దాని మీద అలిగారు కూడా.

అలా ఊళ్ళో ఏడుపులు తగ్గిపోయాయి. పానకాలు పోయినప్పుడు జరగాల్సిన కర్మలన్నీ జరిగాయి గానీ, సీతారావమ్మ కంట నీటిచుక్క రాలేదు. పెట్టె ఇంటికి రాగానే "నూలు కొట్టు తాళాలు ఎక్కడ పెట్టి పోయారు?" అని నిలదీసింది. ఎంత గుండె నిబ్బరమో అని చుట్టాలు మెచ్చుకున్నారు. వకుళ కూడా అలాగే అనుకుంది, పైగా గర్వపడింది.

ఆటలో ఓడిన రోజు ఆ ఇంట్లో సందడి ఎక్కువ. ఆ సాయంత్రమూ అంతే. సీతారావమ్మ మజ్జిగ కలుపుతూ మొదలుపెట్టింది.

"ఒంటె మూపురంలో నీళ్ళంట. మన పెళ్ళిలో వాన పడిందన్న మనిషి ఏమైనా అంటాడు."

"పడలేదా మరి? తలంబ్రాల వేళకు జోరున పడింది. బియ్యమంతా నీ జుట్టుకు అంటుకుపోలా?"

"అది వానా? రోళ్ళు పగిలే ఎండల్లో వానెక్కడిదండీ? పక్కింటి మేడ మీద ట్యాంకు పొంగి పందిట్లో పడింది. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ట్యాంకు నీళ్ళకు ఉరుములుంటాయా? నేను ఉరుము విన్నా."

"అవి మా మేళగాళ్ళ డోళ్ళు."

ఈ తగవు నలభై ఏళ్ళ నాటిది. పానకాలు బతికున్నప్పుడూ ఇదే, పోయాకా ఇదే. ఎవరూ గెలవలేదు, గెలవాలని ఎవరూ అనుకోలేదు. న్యాయానికి సీతారావమ్మ మాటే నిజం. ఆ ఎండాకాలం ఒక్క చినుకు పడలేదు. కానీ తన పెళ్ళిలో వాన పడిందని నమ్మే మనిషి ఒకడు ఇంట్లో ఉండటం ఆవిడకు ఇష్టం. తగవయ్యాక ఆవిడ ఇంకో గరిటె అన్నం ఎక్కువ తినేది.

ఆ వారంలోనే తెరగోడ మీద వాళ్ళ ఇంటికి తాఖీదు వచ్చింది. అదేపనిగా తప్పులు చెప్పే గొంతులకు జాతరలో చోటు లేదు, పానకాలు గొంతును నెలాఖరుకు వెనక్కి తీసుకుంటాము అని. అమ్మ వంటింట్లో ఉంది. వకుళ చదివి గబగబా గోడ ఆర్పేసింది.  తండ్రి పోయిన రోజు కూడా ఆమెకు అంత భయం వేయలేదు.

మర్నాడు సంఘానికి సెలవు పెట్టి, జాతర సేవాకేంద్రానికి వెళ్ళింది. అక్కడ గొంతుల పని చూసే మేధిని అనే అమ్మాయి కూర్చోబెట్టి ఓపికగా విన్నది. మంచి పిల్లే.

"తీసేయాల్సిన పనే లేదండీ. దిద్దుబాటు చేయిస్తే సరిపోతుంది. ఏది తప్పో చూసి, దాని స్థానంలో ఒప్పు పెడతాం. ఒక్క పూట పని."

"ఆటకు కావలసినంతవరకే దిద్దండి. ఒంటెలు, రాజధానులు, అలాంటివి. ఇంటి మాటల జోలికి పోకండి."

"లోకం సంగతులు వేరు, ఇంటి సంగతులు వేరు అని గొంతుకు తెలియదు కదండీ. అంతా ఒకటే అల్లిక. ఒక పోగు వదిలేస్తే మళ్ళీ అక్కణ్ణించే తప్పులు మొదలవుతాయి." మేధిని ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది. "మనిషి ఏమీ మారరండీ. మాట తీరు అదే, పిలుపు అదే, దగ్గు కూడా అదే ఉంటుంది. మీ అమ్మగారికి తేడా తెలియదు."

"తర్వాత వద్దనుకుంటే? తీసేసినవి మళ్ళీ పెట్టొచ్చా?"

మేధినికి ఆ ప్రశ్న కొత్త. "తీసేసిన తప్పుల్ని మేం దాచి ఉంచమండీ," అంది. "వాటితో ఎవరికేం పని?"

వకుళ చాలాసేపు ఆలోచించింది. నాన్న అసలే లేకపోవడం ఒకవైపు, నాన్నకు ఒంటె సంగతి సరిగ్గా తెలియడం ఇంకొకవైపు. ఇందులో ఎంచుకోవడానికి ఏముంది? అమ్మకు చెప్తే కంగారు పడుతుందనుకుంది. తనే వేలిముద్ర వేసి వచ్చింది.

తర్వాతి వారం ఆ ఇల్లు ఎన్నడూ ఎక్కని మెట్లెక్కింది. నదులు, రాజులు, లోహాలు, తోకచుక్కలు, దేని గురించి అడిగినా పానకాలు తడుముకోకుండా ఒప్పు చెప్పాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి అభినందించారు. ఎన్నడూ రాని పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి, వకుళ ఇప్పటికైనా చేసుకుంటుందేమో కనుక్కుని వెళ్ళాడు.

సీతారావమ్మ మాత్రం నవ్వడం మానేసింది. మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత ముభావంగా తిరిగింది. ఆట జరిగే గంటసేపు పెట్టెను ఓరగా చూసేది. అన్నం సగంలో వదిలేసి లేచేది. వకుళ చూస్తూనే ఉంది, అలవాటవుతుందిలే అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కాఫీలయ్యాక సీతారావమ్మ కుర్చీ పెట్టె ముందుకు లాక్కుని కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఏవండీ, మన పెళ్ళిరోజు తలంబ్రాల వేళకు తడిసిపోయామే, గుర్తుందా?"

"గుర్తుంది సీతా." అదే పిలుపు, చిన్న దగ్గు కూడా అదే.

"వాన కాదండీ అది. ట్యాంకు పొంగింది." ఆవిడ గొంతులో తగవుకు సిద్ధమైన హుషారు ఉంది. ఆ మాట అని, ముందుకు వంగి ఎదురుచూసింది.

"అవును సీతా. ఆ రోజు మంగళగిరిలో వాన పడలేదు. ఆ నెలంతా పొడిగానే ఉంది. నువ్వు చెప్పిందే నిజం. ఇన్నాళ్ళూ పొరపాటు నాదే."

 కిటికీ దగ్గర గీతలు గీస్తున్న వకుళ చెయ్యి ఆగిపోయింది.

"మరి ఉరుము విన్నానన్నారు?" ఈసారి సీతారావమ్మ గొంతు బతిమాలుతున్నట్టుంది.

"అవి డోళ్ళు అయి ఉంటాయి. నువ్వే సరిగ్గా చెప్పావు."

"లేదండీ, నేనే మర్చిపోయానేమో. పడిందేమో వాన. మీరు చూశారుగా. పడిందని చెప్పండి."

"పడలేదు సీతా," అంది గొంతు, ఎంతో మర్యాదగా.

ఆవిడ లేచి పెట్టె మీద చెయ్యి వేసింది. దాన్ని ఎలా ఆపాలో ఆవిడకు తెలియదు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఆపలేదు. వకుళ వచ్చి ఆపింది.

"అమ్మా, నేనే దిద్దించాను. తీసుకెళ్ళిపోతామన్నారు. నాన్న లేకుండా పోతాడని..." అంటుంటే ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"ఉండాలనేగా చేశావు," అంది సీతారావమ్మ. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నాతో ఒప్పుకున్నాడే. నలభై ఏళ్ళలో ఎన్నడూ లేదు. మీ నాన్న పోయాడు వకుళా."

అని, ఏడ్చింది. రెండేళ్ళ నాడు రాని ఏడుపంతా వచ్చింది. తల్లి అలా ఏడవగా వకుళ ఎన్నడూ చూడలేదు. పక్కన కూర్చుని భుజం పట్టుకోవడం తప్ప ఏం చేయాలో తెలియలేదు. అన్నిటికీ జవాబులున్న ఊళ్ళో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఏడుపు తగ్గాక సీతారావమ్మ జుట్టు ముడి విప్పుకుంది.

"స్నానానికి నీళ్ళు పెట్టు. మీ కోటేశ్వరమ్మత్తకు ఫోన్ చేసి చెప్పు. తోడబుట్టింది, మైల తనకీ ఉంటుంది."

"అమ్మా, అత్త అప్పుడు వచ్చింది కదా. దగ్గరుండి అన్నీ చేసింది."

"అప్పుడు పోలేదే."

వకుళ వంటింట్లోకి వెళ్ళి, చిన్న గిన్నెతో నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఫోన్ చేసింది. కోటేశ్వరమ్మ పానకాలుకు చెల్లెలు, ఆ ఊళ్ళోనే నాలుగు వీధుల అవతల ఉంటుంది.

"అత్తా, అమ్మ నీకు చెప్పమంది. నాన్న పోయాడని." తన మాట తనకే పిచ్చిగా వినిపించింది. మీ అమ్మకు మతి చెడిందా అని అత్త అడుగుతుందని చూసింది.

ఆ మాట అత్త అడగలేదు.

"దిద్దించారా?" అంది కోటేశ్వరమ్మ.

"నేనే, అత్తా."

"మా పిల్లలూ చేయించారమ్మా. ఎప్పుడో పోయిన మీ మామయ్య నిరుడు దీపావళి ముందర మళ్ళీ పోయాడు. ఆయనెంత కోతలరాయుడో నీకు తెలుసుగా. దిద్దినాక పొద్దున లేచింది మొదలు నిజాలే. ఒక మనిషి రెండుసార్లు పోయాడని ఎవరితో చెప్పుకోను? నవ్వరూ? ఆ పెట్టెను పలకరిస్తా కూర్చున్నా."  అని, వెంటనే అడిగింది. "వదిన స్నానం చేసిందా?"

"ఇంకా లేదత్తా."

"ఆగమను. నేనొచ్చి పోస్తా. నాకూ ఎవరూ పోయలేదు ఆ నీళ్ళు. మా వీధిలో ఇంకా ఇద్దరున్నారు, పైకి చెప్పరు గానీ నాకు తెలుసు. ఆ పక్క వీధిలో ఒకావిడ ఉంది. వాళ్ళనీ పిల్చుకుని వస్తా."

 ఫోన్ పెట్టేసి వకుళ చిన్న గిన్నె దించి, అటక మీది పెద్ద గుండిగ కడిగి పొయ్యి మీదికి ఎక్కించింది.