దమర్ గదిలో కొండచిలువ

శుక్రవారం. తెల్లవారుజామున 4.10.

సుమిలా కొడుకు గది తాళం తీసింది. అద్దాల పెట్టె ఖాళీ. కొండచిలువ లేదు.

ఆరింటికి మళ్ళీ తీసింది. కొండచిలువ పెట్టెలోనే ఉంది. ఎండిపోయిన గిన్నె నిండా నీళ్ళు.

తాళంచెవి రాత్రంతా ఆమె నడికట్టులోనే ఉంది. ఆ పామును పెంచిన దమర్ బండి మీద నుంచి పడి చనిపోయి మూడు నెలలైంది.

కబురు మా జావా పల్లెలో పామంత వేగంగా పాకింది. మధ్యాహ్నానికి ఐదడుగుల పాము పదిహేనడుగులైంది. సాయంత్రానికి దానికి దమర్ కళ్ళు వచ్చాయి. నేనైతే ఇరవై అడుగులన్నాను. పదిహేనుకు ఎవరు జడుస్తారు?

వీధి పెద్ద పర్మాన్ నిజంగానే జడిశాడు. చచ్చినవాడి ఆత్మ పాములో దూరిందన్నాడు. శనివారం సాయంత్రం నమాజు లోపల కిరసనాయిలు పోసి తగలబెట్టాలని నలుగురినీ ఒప్పించాడు. సుమిలా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పాము పోతే నా బిడ్డ ఎక్కడికి రావాలని అడిగింది.

అప్పుడు పిలిచారు రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ హర్సోనోను.

శనివారం ఉదయం 10.15కు ఆయన గదిలో అడుగుపెట్టాడు. మేకుకు చొక్కా. దిండు మీద తల ఆనిన గుంట. సుమిలా రోజూ గుమ్మంలో నిలబడి చూసేది. కొడుకు వదిలిన వస్తువు ఒక్కటీ కదపనిచ్చేది కాదు. వాటిలో ఒకదానికి ప్రాణముందని ఆమెకు తట్టలేదు.

పాము వెన్నెముక పైకి పొడుచుకొచ్చింది. తోక వైపు పాత కుబుసం పొరలు పొరలుగా అంటుకుపోయింది. తల వైపు మాత్రం కొత్త చర్మం మెరుస్తోంది. ఒక కంటి మీద ఇంకా పాలపొర. రెండో కన్ను శుభ్రం.

దయ్యాలు వైద్యం చెయ్యవు. ఎవరో మనిషి చేస్తున్నాడు.

మొదటి అనుమానం దమర్ స్నేహితుడు గిలాంగ్ మీద. అతనూ పాములు పెంచుతాడు. దీన్ని తనకిమ్మని రెండుసార్లు అడిగాడు కూడా.

“ఇది మావాళ్ళ పని కాదు సార్,” అన్నాడు పామును చేతికి చుట్టుకుని. “మేమైతే తడినాచు పెట్టి వదిలేస్తాం. ఇదెవరో పురిటిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచారు.”

“ఎత్తుకుపోదామని అనుకోలేదా?”

“అనుకున్నా. సుమిలా పిన్ని గుమ్మంలో కూర్చుంటే ఎలా వస్తాను?”

మిగిలింది దమర్ తండ్రి వగియో. ఆయన్ను ఊరు లెక్కలోకే తీసుకోలేదు. పామైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని కొడుకుతో పోట్లాడింది ఆయనే. ఆ కోపంలోనే దమర్ బండెక్కాడు. ఆనాటి నుంచి సుమిలా మొగుడితో మాట్లాడలేదు. ఆయన పొద్దస్తమానం పెరటి పాకలో తెంపే అనే సోయా అట్టలు చేసుకుంటూ ఉండేవాడు. సోయాగింజలు నానబెట్టడం, కాళ్ళతో తొక్కి పొట్టు తీయడం, అరటాకుల్లో కట్టి పులియబెట్టడం.

సుమిలా ఒక గాజు సాసరు తెచ్చి చూపింది. పెట్టె పక్కన రాలిన కుబుసం తునకలు. వాడి గుర్తుగా దాచుకుంటున్నానంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. పోయిన వారం తలుపు వెనక గొంతు విన్నదట.

“ఏమంది?”

“‘తప్పు నాదే. ఇంత తిను’ అన్నాడు బాబూ. నన్ను క్షమించమంటున్నాడు నా బిడ్డ.”

ఆ మాట విన్న మర్నాడే ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

హర్సోనో సాసరును వెలుగులోకి వంచి చాలాసేపు చూశాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి పాక అంతా తిరిగి వచ్చాడు. మొహం దిగాలుగా ఉంది. దొంగ దొరికిన పోలీసు మొహం కాదది.

సాయంత్రం 4.40. అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. పర్మాన్ కిరసనాయిలు డబ్బాతో సహా వచ్చాడు.

“కుబుసం మీద పొలుసుల గళ్ళుంటాయి,” అన్నాడు హర్సోనో. “ఈ నాలుగు తునకల మీద లేవు. దొప్పలా వంపు తిరిగాయి. అంచున గింజ మచ్చ ఉంది. ఇది సోయా పొట్టు.”



మిగతాది ఆయనే చెప్పాడు. గది కిటికీ పాక వైపు తెరుచుకుంటుంది. దాని గొళ్ళెం ఎప్పుడో ఊడింది. వగియో పామును అందులోంచి తీసుకెళ్ళి గింజల తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు పోసి నానబెట్టాడు. పులిసే తెంపే తనంతట తనే వేడెక్కుతుంది. ఆ కట్టల మధ్య బుట్టలో, తడిగుడ్డ చుట్టి పడుకోబెట్టాడు. శుక్రవారం సుమిలా తొందరగా లేచింది. అప్పటికి పాము ఇంకా బుట్టలోనే ఉంది.

పర్మాన్ డబ్బాను కాళ్ళ వెనక్కి జరిపాడు. తోటి మనిషి సాకిన పామును తగలబెట్టాలంటే అతనికీ నోరు రాలేదు. అందరికంటే ముందు లేచి వెళ్ళిపోయాడు.

పాము బతికింది. సుమిలా మొహంలో మాత్రం దమర్ రెండోసారి చనిపోయాడు.

“చెప్పకూడదనుకున్నా,” అన్నాడు వగియో, హర్సోనో వైపే చూస్తూ. “వాడొస్తున్నాడని అన్నం తింటోంది. ఎలా చెప్పను?”

మూడు నెలల్లో మొదటిసారి సుమిలా మొగుడి వైపు తిరిగింది.

“తప్పు నాదే అన్నావే. పాముతోనా?”

“పాముకు తినమని చెప్పా,” అన్నాడు. “తప్పు నాదేనన్నది వాడితో.”

హర్సోనో చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాడు.

“ఇంకోసారి అను,” అంది సుమిలా. “ఈసారి నేను పక్కనున్నా.”

వగియో నోరు తెరిచాడు. సుమిలా కదలకుండా కూర్చుంది. ఆమెకు తొందరేమీ లేదు.