బావ కలిపిన చుట్టు

మా బావ వంటింటి బల్ల మీద పటం పరిచిన వేళే మంచిది కాదు. మిట్టమధ్యాహ్నం… నీడలు సైతం భయంతో పాదాల కిందికి ముడుచుకుపోయే ఘోరముహూర్తం! కాలమేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. ఎక్కడో ఉరుము దొర్లింది.

ముందే చెబుతున్నాను. క్షుద్రశక్తిని రెప్ప వాల్చకుండా చూసిన మొనగాడు ఈ భూమండలంలో ఒక్కడే. వాణ్ణి నేనే. అప్పట్లో నా మోకాళ్ళు నా మాట వినేవి.

బావ బస్సు డ్రైవరు. సెలవునాడు కూడా ట్రిప్పు వేయనిదే ఆయనకు తోచదు. ఉదయాన్నే రాతివంతెన దగ్గర బయలుదేరి, పాత యుద్ధభూమి, పాడుబడ్డ గాలిమర, కూలిన కావలిబురుజు మీదుగా కొండకోటను చుట్టి, సాయంత్రానికి మళ్ళీ వంతెనకే చేరాలని పథకం. పటంలో కాలిబాట చుక్కలుగా ఉంది. బురుజుకూ వంతెనకూ నడుమ మాత్రం చుక్కలు లేవు.

"ఇక్కడ దారి లేదు కదండీ," అంది అక్క.

"పటం గీసినవాడికి బద్ధకం. బయలుదేరిన స్టాండుకి చేరకుండా బండి మధ్యలో ఆపేస్తారా ఎవరైనా?" అంటూ బావ ఆ ఖాళీని పెన్సిల్‌తో కలిపేశాడు.

ఆ క్షణాన… కోట నేలమాళిగలో, శతాబ్దాల ధూళి కింద, ఒక కపాలం మెల్లగా ఇటు తిరిగింది.

మర్నాడు ముగ్గురం బయలుదేరాం. గాలిమర దాటాక, కోటకూ ఒక మట్టిదిబ్బకూ మధ్య నుంచి బాట చటుక్కున మలుపు తిరిగింది. బావ ఆగిపోయాడు.

"ఇంత ఇరుకు మలుపా? వెనకచక్రం గుంటలో పడుతుంది."

"మనకు వెనకచక్రాలు లేవండీ."

"అలవాటే," అని ఆయన దిబ్బ అవతలి నుంచి వెడల్పుగా తిప్పి తీసుకెళ్ళాడు.

బురుజు దగ్గర గొర్రెలు కాసే ముసలమ్మ ఎదురైంది.

"ఇక్కణ్ణుంచి వచ్చిన దారినే వెళ్ళిపోండి. ఈ కోట చుట్టూ ఎవరూ చుట్టు కలపరు."

"ఎందుకవ్వా?"

"లోపల మాంత్రికుడున్నాడు. మనుషుల్ని బలిచ్చి, ఆ దిబ్బలో పూడ్చిపెట్టాడు. చచ్చాడుగానీ పోలేదు. బతికున్న కాళ్ళు చుట్టు కలిపితే, ఆ చుట్టులో ఉన్నదంతా లేస్తుంది. కలిపిన కాలు ఎవరిదో, ఆ మనిషి వాడి సొంతం."

"మా డిపో మేనేజరు కంటే గట్టివాడా?" అన్నాడు బావ.

"నవ్వు నాయనా. ముందు నడుస్తున్నది నీ పెళ్ళామే కదా."

బావ నవ్వు ఆగిపోయింది. "ఏమేవ్, ఆగు," అంటూ పరుగెత్తాడు. అప్పటికే సంధ్యారుణిమ నెత్తుటిచారికలా ఆకాశమంతా పాకింది… అక్క పాదం వంతెనరాతిని తాకింది.

భూగర్భం నుంచి వికృతఘోష! అక్క కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. కోమలమైన ఆ కంఠంలోంచి కర్కశమైన పురుషస్వరం వెలువడింది. "ఈ దేహం నాది." ఆమె వెనుదిరిగి కోటవైపు నడిచింది. చేయి పట్టుకున్న బావను ఎండుకొమ్మలా ఈడ్చుకుపోయింది.

రెప్ప వాల్చలేదన్నాను కదా… అప్పటికి నేను వంతెన కింద దూరి, రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాను. తర్వాతి సంగతంతా బావ చెప్పిందే. బస్సు ఆలస్యమైతే తప్పు తనదేనని ఒప్పుకునే మనిషి. ఆయనకు అబద్ధం అతకదు.

కోట ప్రాంగణంలో కృష్ణధూమం సుడులు తిరిగి మనిషి ఆకారం దాల్చింది. వామహస్తంలో కపాలం… దక్షిణహస్తంలో కత్తి… అక్క తనంతట తానే మెడ చాచింది.

"ఇది ఈమె దిగే స్టాపు కాదు," అన్నాడు బావ. ఆమె చెయ్యి వదల్లేదు.

మాంత్రికుడు కత్తి ఎత్తాడు. అప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. బావ వెడల్పు మలుపు దిబ్బను కూడా చుట్టులోకి తెచ్చేసింది. చుట్టులో ఉన్నదంతా లేచింది. మట్టి రాలుతున్న స్త్రీలు, వృద్ధులు, పసివాళ్ళు… వాడు బలిచ్చిన ప్రతి ప్రాణం! శవహస్తాలు వాడి మీద కెరటంలా విరుచుకుపడ్డాయి. వాడి ఆర్తనాదానికి కోటగోడ నిలువునా చీలింది. కపాలం పొడిపొడి అయింది. నేల నోరు మూసుకుంది.

అక్క బావ చేతుల్లో వాలి, "ఇంకా ఎంత దూరమండీ?" అంది.

అంతా నిజమే, ఆ ఆర్తనాదం తప్ప. మాంత్రికుడు అరవకుండా చస్తే కథ చప్పగా ఉంటుందని నేనే పెట్టాను. వాడు నోరు తెరిచాడుగానీ శబ్దం రాలేదని బావ చెప్పాడు. దిబ్బలోనివాళ్ళు కూడా ఒక్క మాట అనలేదట. వాళ్ళు మళ్ళీ దిబ్బలోకి వెళ్ళడం మాత్రం ఆయన చూడలేదట.

అక్క ఇప్పటికీ నన్ను అడుగుతూ ఉంటుంది, ఆ సాయంత్రం ఇంటిదాకా మన వెనక నడిచొచ్చినవాళ్ళంతా ఎవర్రా అని.