ప్రార్థన దక్కనివాడు

లైట్లు వేసే వేళయింది. మిషను ముందు కూర్చుందే గానీ దర్జీ ఆవిడకు చెయ్యి ఆడటం లేదు. పక్కింటి పిల్ల గౌనుకు చేతులు తిరగేసి కుట్టింది, విప్పింది, మళ్ళీ తిరగేసే కుట్టింది. గదిలో మిషను నూనె వాసన, వీధిలో స్కూటర్ల రొద. కొడుకు పోయి వారం కాలేదు.

ఎదురుగా కుర్చీలో బావగారు కూర్చున్నాడు. పోయిన భర్తకు అన్న, ఆ వీధి ప్రార్థనామందిరానికి పెద్ద. ఆయన గీసిన గీత ఆ ఇంట్లో ఎవరూ దాటరు. కుర్రాడికి లేని మాటలేవో చెవిలో వినపడుతున్నాయంటే, జబ్బు కాదు దెయ్యమని తేల్చి, డాక్టరిచ్చిన మాత్రలు పారేయించింది ఈయనే. తన పంటి నొప్పికి మాత్రం డాక్టరు దగ్గరికే పరుగెత్తాడు.

"ఒక్క ప్రార్థన చేయించండి బావగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తన ప్రాణం తనే తీసుకున్నవాడికి ప్రార్థన ఉండదమ్మా. అక్కడ వాడికి తలుపులు మూసేసినట్టే."

"మీరు ఎత్తుకుని తిప్పిన పిల్లాడు కదండీ..."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మాట మాత్రం మార్చుకోలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ గడియ పెట్టి, తలుపు దగ్గరే కూలబడింది. ఆ రోజు ఆయన మాట విని వాణ్ణి గదిలో పెట్టి గడియ వేసింది తనే. దెయ్యం దిగేదాకా తీయొద్దన్నాడు. "తియ్యమ్మా, భయమేస్తోంది" అని వాడు మొత్తుకున్నా తీయలేదు. గదిలో చప్పుడు ఆగిపోయాక తీసింది. అప్పటికే వాడు పురుగుల మందు తాగేసి ఉన్నాడు.

వీధిలో రొద ఒక్కసారిగా సద్దుమణిగింది. ఎక్కడి నుంచో ఆ రోజు గదిలో వచ్చిన చేదు మందు వాసనే...

టక్... టక్...

"అమ్మా..."

ఆవిడ తలుపుకు చెవి ఆనించింది.

"అక్కడ లోపలికి రానివ్వట్లేదమ్మా... చలేస్తోంది."

దెయ్యమో, కొడుకో... ఆవిడకు ఇంక ఆ లెక్క అక్కర్లేదు. లేచి గడియ లాగింది. గుమ్మంలో ఎవరూ లేరు. చల్లటిదేదో ఆవిడ భుజాన్ని రాసుకుంటూ లోపలికి పోయింది. వంటగదిలో పీట జరిగింది. కంచం చప్పుడైంది.

"వచ్చావా నాన్నా..."

ఏడుస్తూనే నవ్వింది. వాణ్ణి మళ్ళీ ఎవరూ తీసుకుపోకుండా తలుపు మూసి, గట్టిగా గడియ పెట్టింది. అన్నం వడ్డిద్దామని వంటగది వైపు అడుగేసింది.

టక్... టక్...

వీధి తలుపు అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"అమ్మా... ఇప్పుడు ఎవరికి తీశావు?"

వంటగదిలో కంచం చప్పుడు ఆగిపోయింది.