ఎర్రగుడ్డ కట్టిన కారు

లెక్కల పరీక్ష రాసి బయటపడ్డ రత్నం ఇంటికి పోకుండా సరాసరి విల్‌ఫ్రెడ్ తాత షెడ్డు దగ్గరికి పరుగెత్తింది. పరీక్ష ఎలా రాసిందని మాత్రం మనం అడగొద్దు. రెండు రోజులుగా ఆ పిల్ల ధ్యాసంతా షెడ్డులో ఉన్న కారు మీదే ఉంది. వెనకాలే ఆమె స్నేహితురాలు హైమవతి, హైమవతి తమ్ముడు దావీదు రొప్పుకుంటూ వచ్చారు.

విల్‌ఫ్రెడ్ తాత రత్నానికి సొంత తాత కాదు. ఖరగ్‌పూర్ రైల్వేలో మెయిల్ బండి నడిపి రిటైరైన డ్రైవరు. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ దాటాక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో ఆకుపచ్చ రంగు పాత అమెరికన్ కారు. దేశం విడిచి వెళ్ళిపోయిన ఒక దొర దగ్గర కొన్నాడట. నెలకోసారి బయటికి తీస్తాడు, రోజుకోసారి తుడుస్తాడు.

ఆ కారులో ఇప్పుడు రేడియో పెడుతున్నారు. దానికో కారణం ఉంది. తాత భార్య ఎలీసమ్మ మామ్మకి తీతు అని ఒక తమ్ముడున్నాడు. ఆంధ్రలో ఉంటాడు, క్లారినెట్ వాయిస్తాడు. మామ్మకి కాళ్ళు పడిపోయాక ప్రయాణాలు మానేసింది. తమ్ముణ్ణి చూసి తొమ్మిదేళ్ళయింది. ఆ తీతు ఈ శనివారం సాయంత్రం ఆరున్నరకి విజయవాడ రేడియోలో వాయిస్తున్నానని ఉత్తరం రాశాడు. మామ్మ ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుంది. కానీ ఇంట్లో రేడియో పెడితే కరెంటు తీగల గోలకి గరగర తప్ప ఏమీ వినపడదు.

రత్నం వాళ్ళ నాన్న కృపారావు రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు బిగిస్తాడు. కారుకి రేడియో పెట్టి, మంచి ఏరియల్ లేపి, ఊరి బయట మైదానానికి తీసుకుపోతే విజయవాడ అందుతుందని అతనే చెప్పాడు. తాత మర్నాడే కలకత్తా వెళ్ళి, మల్లిక్ బజారులో పాత కారు రేడియో ఒకటి, దానికి తగ్గ ఏరియల్ ఒకటి వెతికి తెచ్చాడు. అది మామూలు ఏరియల్ కాదు. స్విచ్చి నొక్కితే మడ్‌గార్డులోంచి కడ్డీ దానంతటదే పైకి లేస్తుంది.

"దానంతటదే లేస్తాదంట. కోతలు," అంది హైమవతి. రెండు రోజులుగా ఇదే మాట అంటోంది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. మడ్‌గార్డు లోపల కడ్డీని లేపే మోటారుని కింద గట్టిగా పట్టుకునే ఇనప పట్టీ ఒకటి చేయించాలని నాన్న వర్క్‌షాపుకి వెళ్ళాడు. వెళ్తూ స్టీరింగుకి ఒక ఎర్రగుడ్డ కట్టాడు.

అది వర్క్‌షాపు అలవాటు. పెట్టె కింద మనిషి దూరి పని చేస్తున్నప్పుడు దానికి ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉన్నంతసేపు ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోరు, కదపరు. కట్టినవాడే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ఇంకొకరు విప్పకూడదు. ఇంట్లో ఫ్యాను విప్పినా నాన్న దాని స్విచ్చికి గుడ్డ కట్టేవాడు. రత్నానికి ఇదంతా తెలుసు.

తెలిసీ విప్పింది. ఒక్కసారి చూపించి మళ్ళీ కట్టేస్తే ఎవరికి తెలుస్తుందనుకుంది. హైమవతి నోరు మూయించాలన్న ఆశ అంత పని చేయించింది.

స్విచ్చి నొక్కగానే జుయ్యిమని చప్పుడైంది. మడ్‌గార్డు మీద మెరుస్తూ కడ్డీ లేచింది. దావీదు చప్పట్లు కొట్టాడు. హైమవతి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. రత్నం కడ్డీని దించి మళ్ళీ లేపింది. ఈసారి సగం లేచాక లోపల కరకరమంది. కడ్డీ ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. స్విచ్చి కిందికి నొక్కినా కదల్లేదు.

రత్నం కడ్డీని చేత్తో నెమ్మదిగా లోపలికి నెట్టేసింది. ఎర్రగుడ్డని నాన్న ఎలా ముడివేస్తాడో అచ్చం అలాగే ముడివేసింది. ఎవరికీ చెప్పొద్దని హైమవతి చేత, దావీదు చేత ఒట్టు పెట్టించుకుంది.

రెండింటికి నాన్న వచ్చాడు. తన ముడి తనే విప్పుకున్నాననుకుని, పట్టీ బిగించి స్విచ్చి నొక్కాడు. లోపల కరకరమంది తప్ప కడ్డీ లేవలేదు. గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది కాబట్టి ఎవరో ముట్టుకున్నారన్న ఆలోచనే అతనికి రాలేదు. తనే ఎక్కడో తప్పు కనెక్షన్ ఇచ్చాననుకున్నాడు. వేసిన తీగలన్నీ విప్పి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా చూశాడు. తప్పు దొరకలేదు. ఉంటే కదా దొరకడానికి.

మర్నాడు శనివారం. పొద్దున్నే నాన్న చద్దన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గానీ తినటం లేదు.

"నా సూపు తగ్గినట్టున్నాది, సుజాతా," అన్నాడు అమ్మతో. "ఇరవై ఏళ్ళుగా సేస్తన్న పని. ఎక్కడ తప్పు పెట్టినానో నాకే కనపడతా నేదు. రేపు రైలు పెట్టెలో ఇలా పెడితే ఏటి గతి? సోమారం ఫోర్‌మెన్‌గారితో సెప్పి వైరింగ్ పని ఒగ్గేస్తాను."

అమ్మ అతని కంచంలోకి చూస్తూ నిలబడింది. గుమ్మం దగ్గర జడ అల్లుకుంటున్న రత్నానికి వేళ్ళు ఆగిపోయాయి. దెబ్బలకి భయపడిందే గానీ, నాన్న తనని తాను తిట్టుకుంటాడని ఆ పిల్ల అనుకోలేదు.

"నీ తప్పు కాదు, నాన్నా. నేను ఎర్రగుడ్డ ఇప్పినాను. సిచ్చి నొక్కినాను. మళ్ళీ నీలాగే కట్టీసినాను."

నాన్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"పట్టీ ఎయ్యకముందే నొక్కినావా?"

రత్నం తలూపింది.

"అయితే తీగల్లో తప్పు నేదు. మోటారు ఒరిగిపోయి, లోపల కడ్డీని ఎత్తే తాడు పళ్ళచక్రం మీంచి జారుంటాది." నాన్న గబగబా చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దాటబోయి ఆగాడు. కోపంగా లేడు. అలా ఉన్నా బాగుండేదనిపించింది రత్నానికి. "అమ్మా, ఆ గుడ్డ ఉన్నాదన్న నమ్మకంతోనే నేను రోజూ పెట్టె కిందకి దూరతాను. ఎవులో ఇప్పి మళ్ళీ కట్టీసినారనుకో, నాకెలాగ తెలుస్తాది?"

రత్నం జడ అలాగే వదిలేసి నాన్న వెనకాలే నడిచింది. తాతకీ మామ్మకీ తనే చెప్పింది. చెప్తూ ఏడ్చేసింది. తాత మీసం సవరించుకుంటూ కారు వైపు చూశాడు. మామ్మ మాత్రం, ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ ముందు మీ నాన్నకి స్క్రూలు అందించు, ఆరున్నరకి మా తమ్ముడు నీకోసం ఆగడు అంది.

ఆ రోజంతా పని సాగింది. మోటారు విప్పారు, తాడు ఎక్కించారు, వంగిన కడ్డీని చెక్క మీద పెట్టి సరిచేశారు. విప్పిన తీగలన్నీ మళ్ళీ కలపడానికే నాలుగు గంటలు పట్టింది. రత్నం అన్నానికి కూడా లేవలేదు.

ఆరు దాటాక కారు మైదానం చేరింది. ముందు సీట్లో తాత పక్కన మామ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. వెనక సీట్లో పిల్లలు. నాన్న కిందికి దిగి, టార్చి పట్టుకుని మడ్‌గార్డు కింద చివరి బోల్టు బిగిస్తున్నాడు. తాత రేడియో తిప్పితే గరగర వచ్చింది. గడియారం ఆరూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

తాత వెనక్కి తిరిగి, ఇవాళ కష్టపడ్డావు కాబట్టి స్విచ్చి నువ్వే నొక్కు అన్నాడు. రత్నం ముందుకి వంగి స్విచ్చి మీద వేలు పెట్టింది.

"నొక్కవే, టైమయిపోతన్నాది," అని హైమవతి తొందర పెట్టింది. మామ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించి రేడియో వైపే చూస్తోంది.

రత్నం వేలు తీసేసింది. తలుపు తెరుచుకుని చీకట్లోకి దిగింది. హైమవతి ఏదో అంటున్నా వినకుండా నాన్న దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

"నాన్నా, సెయ్యి తీసినావా?"

"ఒక్క నిమిషం," అన్నాడు నాన్న. బోల్టుకి చివరి తిప్పు తిప్పి, రెండు చేతులూ బయటికి తీసి ఆమెకి చూపించాడు. "తీసినాను. ఎల్లి నొక్కమ్మా."

కడ్డీ జుయ్యిమని లేచింది. గరగర తగ్గింది. దూరంగా తెలుగు మాట ఒకటి వినిపించింది, ఆ వెంటనే క్లారినెట్. సన్నగా, తెరలుతెరలుగా వస్తోంది. మామ్మ కళ్ళు మూసుకుంది. "మా తీతే," అంది. మామ్మ చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే తాత తన రుమాలు ఆమె చేతిలో పెట్టాడు.

పావుగంటకి కచేరీ అయిపోయింది. ఇక ఏరియల్ దించమన్నాడు తాత. రత్నం చుట్టూ చూసింది. తాత, మామ్మ, హైమవతి కారులోనే ఉన్నారు. తలుపు దగ్గర నాన్న నిలబడ్డాడు. దావీదే కనిపించలేదు.

రత్నం స్విచ్చి ముట్టుకోకుండా, వాడు మడ్‌గార్డు దగ్గరున్నాడేమో చూడటానికి మళ్ళీ తలుపు తీసుకుని దిగింది.