విమానం పోయేదాకా ఆగే చప్పుడు

2023, చలికాలం.

కొత్వాల్‌గూడ దాటాక పాత రాతిక్వారీ ఒకటి ఉంది. అందులో రాయి కొట్టడం ఆపేసి ఇరవై ఏళ్లయింది. ఆ ఏడు దానికి చెడ్డపేరు వచ్చింది. రాత్రి రెండు దాటితే బండ మీద సుత్తి చప్పుడు వినిపిస్తుందట. తెల్లారి చూస్తే, ఎవరికీ అందని ఎత్తులో సున్నంతో కొత్త ఇంటు గుర్తులు...

"కరుణ్ తిరుగుతుండు" అన్నారు అందరూ.

కరుణ్ నా పాత దోస్తు జ్ఞానదాసు కొడుకు. ఇరవై మూడేళ్లు. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించేవాడు. సెలవు దొరికితే ఎర్ర హెల్మెట్ పెట్టుకుని, తాడు భుజానేసుకుని ఏదో ఒక బండ ఎక్కేవాడు. ఒకసారి విమానంలోంచి పారాచూట్‌తో దూకి, నెల తర్వాత వాళ్లమ్మ సరోజమ్మకు చెప్పాడు. "ముందే చెప్తే నువ్వు గూడ వస్తనంటవని చెప్పలేదమ్మా!" సరోజమ్మ చీపురు తిరగేసింది.

ముందటి ఏడు వానాకాలంలో ఆ క్వారీలోనే పడి చనిపోయాడు. తాడు తగిలించిన రాయి లోపల గుల్ల. ఊడొచ్చేసింది.

ఆదివారం వస్తే పట్నం పిల్లలు ఇంకా అక్కడికే వచ్చి ఎక్కుతున్నారు. "ఇంకొక పిల్లగాడు పడొద్దు, కంచె వెయ్యండి" అని జ్ఞానదాసు ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకరు ఆ స్థలం మాది కాదన్నారు. ఇంకొకరు రేపు రమ్మన్నారు. వానలు తగ్గాక తిరగడం మానేశాడు. ఇక ఊరుకున్నాడనే అనుకున్నాను.

దెయ్యం మాట ఎత్తినవాణ్ణి నా అరుగు మీద కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. లేపి పంపేవాణ్ణి.

తర్వాత జగదీశ్ చెప్పింది ఇది. జగదీశ్‌ది మా తొండుపల్లే, క్యాబ్ నడుపుతాడు. డిసెంబరులో ఒక రాత్రి ప్యాసింజర్‌ను దింపి వస్తుంటే, సరిగ్గా క్వారీ దగ్గర టైరు పంక్చరైంది. దిగాడు.

టక్... టక్... టక్...

పైనుంచి!

ఇంతలో నెత్తి మీదుగా విమానం వచ్చింది. చప్పుడు ఆగింది. విమానం దూరమైంది... మోత పూర్తిగా అణిగింది...

టక్.

జగదీశ్ ఫోను లైటు పైకి వేశాడు. గాలిలో రెండు కాళ్లు — వేలాడుతున్నాయి. తెల్లటి చేతులు. తల మీద ఎర్ర హెల్మెట్... కరుణ్‌ది!

"కరుణన్నా... నన్నేం చెయ్యకే..." అంటూనే చేతికందిన రాయి విసిరేశాడు.

పైన కేక. తాడు సర్రున జారింది. కాళ్లు కిందికి కిందికి వచ్చి, నేలకు మూరెడు ఎత్తులో ఆగాయి.

"జర లైటు సక్కగ పట్టు బిడ్డా" అంది దెయ్యం. "చెయ్యి తాడుల ఇరికింది."

జ్ఞానదాసు!

పొద్దున్నే దవాఖానకు పోయి అరిచాను. "ఆ పనేందో పగలు చెయ్యరాదురా ముసలోడా!"

"పగలు లారీలు, మీద విమానాలు. రాయి పలికేది ఎట్ల వినాలె?"

గట్టి రాయిని సుత్తితో తడితే ఖంగుమంటుంది. గుల్ల రాయి డొల్లగా పలుకుతుంది. అతనూ నేనూ ఆ క్వారీలోనే ముప్ఫై ఏళ్లు అట్లా తట్టి, విని పని చేశాం. ఇప్పుడతను గుల్ల రాళ్లన్నిటికీ గుర్తు పెడుతున్నాడు, ఎక్కే పిల్లలు వాటిని పట్టుకోకుండా.

జ్ఞానదాసు గొంతు తగ్గించాడు. "మా వోడు గూడ తట్టిండట. కింద తాడు పట్టుకున్న మహేష్ చెప్పిండు. గప్పుడే మీదికెళ్లి విమానం పోయింది... వినకుండనే తాడు తగిలిచ్చిండు."

విమానం పోయేదాకా ఆ చప్పుడు ఆగుతుందని ఒక్కరు చెప్పి ఉంటే, అది దెయ్యం కాదని నాకు ఆ క్షణమే తెలిసేది. రాయి పలుకు వినేవాడు తప్ప అట్లా ఎవడు ఆగుతాడు? బయటికి వచ్చి, ఇది ముందే చెప్పనందుకు జగదీశ్‌ను తిట్టాను.

"పోయిన వారం గూడ గా చప్పుడు గిట్లనే ఆగితె ఇన్న. మొన్న నీ అరుగు మీద గదే చెప్పవోతిని గద తాతా! లే, ఇంటికి పో అన్నవు."



నూట ఆరు రాళ్లకు గుర్తులు పడ్డాయి. ఉత్తరం వైపు బండ అట్లాగే మిగిలింది. నేనిది రాస్తున్న ఈ అక్షరాలు రాత్రిబడిలో నాకు దిద్దించింది జ్ఞానదాసే. దవాఖానలో అతని కుడిచేతి నాలుగు వేళ్లు తీసేశారు.